కరెంటు పోయినప్పుడు కట్టిన వెబ్ పేజీ

మొన్న ఎవరి పెళ్ళికో వెళ్ళి తాడేపల్లిగూడెంలో రైలు దిగి స్టేషన్ రోడ్డులో నడుస్తుంటే, ఒకప్పుడు మా కంప్యూటర్ సెంటర్ ఉన్న మేడ మీద బిర్యానీ హోటల్ బోర్డు కనిపించింది. కాసేపు బాధపడదామని ఆగాను గానీ, వాసన బాగుండటంతో కుదరలేదు. నాకింకా నలభై రాలేదు. అయినా కంప్యూటర్ల లెక్కలో తాతల కాలం వాణ్ణే కాబట్టి, జ్ఞాపకాలు రాసుకునే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంటర్ పరీక్షలవగానే పిల్లల్ని వేసవి క్లాసులకి తోలేవారు, పొద్దున వెబ్ డిజైనింగు, మధ్యాహ్నం ప్రోగ్రామింగు. ఎరువుల కొట్టు మీద గది, గుమ్మం బయట చెప్పుల గుట్ట, లోపల ఒకే ఒక్క ఏసీ. అది కంప్యూటర్ల కోసమని మా సెంటర్ యజమాని చెప్పేవారు; దాని కోసమే చేరామని పిల్లలు చెప్పేవారు కాదు. నేనేమో ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం ఇచ్చామన్న కంపెనీ ఎప్పుడు రమ్మంటుందో తెలియక, ఆ వేసవంతా అక్కడ పాఠాలు చెప్పాను. పిల్లలకంటే ఒక పాఠం ముందుండేవాణ్ణి, కొన్నిసార్లు అదీ కాదు.

మధ్యాహ్నాలు కరెంటు పోయేది. యూపీఎస్ అని ఒకటుండేది గానీ, అది కీచుమని అరిచి, పోతున్నానని చెప్పి మరీ పోయేది. ఊరికే కూర్చోబెడితే పిల్లలు ఇళ్ళకి జారుకుంటారని నేనొక పద్ధతి పెట్టాను, పిల్లలే వెబ్ పేజీ. పేజీలో ఏది మొదలుపెట్టినా ఒక గుర్తు రాసి, అయిపోయాక మరో గుర్తు రాయాలి; ముగింపు మరిచిపోతే కిందున్నదంతా చెడుతుంది. అందుకని ఒకడు మొదలుగా, ఒకడు ముగింపుగా గోడవార నిలబడితే, శీర్షికా బొమ్మా మాటలూ అయి మిగతావాళ్ళు మధ్యలో నిలబడేవారు. కింద ఎరువుల కొట్టాయన మేము నాటకం వేస్తున్నామనుకుని, ఎప్పుడు ఆడతారని అడిగాడు కూడా.

ఆ క్లాసులో కొల్లేరు పక్క ఊరి నుంచి వచ్చి, గూడెంలో పిన్నిగారింట్లో ఉంటున్న అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళకి చేపల చెరువులు. ఇక్కడే ఉండి కంప్యూటర్ డిగ్రీ చదవాలని ఆమె కోరిక. వాళ్ళ నాన్నగారికేమో కళ్ళతో చూస్తేగానీ ఏదీ నమ్మకం కుదరదు. చేపపిల్లల్ని కొనేముందు బేసిన్లో పోయించి, కాసేపు చూసి, అప్పుడు బేరమాడే మనిషట. క్లాసుల చివరి రోజు వచ్చి చూస్తాననీ, పనికొచ్చే చదువైతే సరేననీ, లేదంటే ఊరికి దగ్గర్లో ఏదో ఒక గ్రూపులో చేరమనీ అన్నారట. అందుకని ఆ అమ్మాయి తమ చెరువుల మీదే పేజీ తయారుచేసింది, నీలం రంగు మీద ఒక చేప అటూ ఇటూ ఈదుతూ.

చివరి రోజు వ్యాన్ వచ్చింది. చూడ్డమంటే మన వైపు ఒక్కరే రారు కదా. నాన్నగారూ, అమ్మగారూ, పెదనాన్నగారూ, వాళ్ళింట్లోనే ఉండే మేనత్తగారూ పెళ్ళిచూపులకి దిగినట్టు దిగారు. చెరువు గట్టు దగ్గర మాట తేడా వచ్చినప్పటి నుంచీ అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడరని ఆ అమ్మాయి నాకు ముందే చెప్పింది. వ్యాన్లో కూడా ఒకరు డ్రైవర్ పక్కన, ఒకరు వెనక. అందరూ చెప్పులు విడిచి లోపలికొచ్చి కుర్చీల్లో సర్దుకున్నారు, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది, కరెంటు పోయింది. యూపీఎస్ తన ధర్మం ప్రకారం అరిచి ఊరుకుంది.

మా యజమాని రేపు రమ్మన్నారు. రేపు చేపల పట్టుబడి, ఇంక రావడం కుదరదండీ అంటూ నాన్నగారు లేచారు. ఆ అమ్మాయి మొహం చూసి నేనేదైనా ధైర్యం చెబుదామనుకున్నాను. ఈలోగా తనే, "నాన్నా, ఎలాగూ లేచారు కదా, ఆ గోడ దగ్గరికి రండి. అందరూ రండి," అంది.

మొదలు తనేననీ, శీర్షిక నుంచి ముగింపు దాకా మిగతా పేజీ అంతా వాళ్ళేననీ చెప్పి, వరసగా నిలబడమంది. ఇక్కడే మనవాళ్ళ మర్యాద అడ్డొచ్చింది. శీర్షిక ముందుండాలంటే మీరుండండి అన్నయ్యా అని తమ్ముడు, ఎందుకూ, నీ కూతురి పేజీయేగా నువ్వే ఉండు అని అన్న. బావగారి పక్కన నేను నిలబడనమ్మా అని అమ్మగారు కుర్చీ వెనక్కి. ముగింపంటే చివరనని తెలిసి, ఇంటికి పెద్దదాన్ని నేను చివరనా అని మేనత్తగారు. వెబ్ పేజీ అంతా మీరుండండంటే మీరుండండనుకుంటూ గది మధ్యలోనే ఆగిపోయింది.

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. కంప్యూటర్‌కి మర్యాదలు తెలియవనీ, రాసిన వరసలోనే చదువుతుందనీ చెప్పి, పెదనాన్నగారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి శీర్షికగా నిలబెట్టింది. ఆయన పక్కనే నాన్నగారు, పేజీలో అసలు విషయం. ఆ తరవాత బొమ్మగా అమ్మగారు. మేనత్తగారితో మాత్రం, "అత్తా, అందరూ లోపలికొచ్చారో లేదో చూసి ఇంటికి తలుపేసేది నువ్వేగా. ఇక్కడా అంతే. నువ్వు లేకపోతే ఇల్లంతా బార్లా," అంది. ఆవిడ కొంగు సర్దుకుని వెళ్ళి చివర నిలబడ్డారు, ఇంకెవరు కదిపినా కదలనన్నట్టు.

నాన్నగారు ఇటూ అటూ చూసి, "అంటే పేరు అన్నయ్యదీ, పని నాదీనా అమ్మా?" అన్నారు.

"ఎప్పుడూ అంతేగదరా. దానికీ తెలిసిపోయింది," అన్నారు పెదనాన్నగారు, గోడకేసి చూస్తూ.

ముందు మేనత్తగారు నవ్వారు, తరవాత ఇంకెవరూ ఆపుకోలేకపోయారు.

అంతా అయ్యాక కరెంటు తీరిగ్గా వచ్చింది. చేప ఈదింది. నాన్నగారు దాన్ని చూసి బాగుందన్నారు, పక్కింటివాళ్ళు పంపిన కూర గురించి అన్నట్టు. మెట్ల దగ్గర మాత్రం నన్ను ఆపి, "ఏవండీ మాస్టారూ, ఆ చేపల బొమ్మల సంగతి నాకు తెలియదు గానీ, మా అన్నదమ్ముల్ని ఒక వరసలో నిలబెట్టిందండి. ఊళ్ళో పెద్దలవల్ల కాలేదు. ఇక్కడే చదువుకోనివ్వండి," అన్నారు. ఆ ఘనత పాఠం చెప్పిన నాదేమోనని కాసేపు సంతోషించాను. ఆయన చూపు కూతురి మీదే ఉంది. ఆ అమ్మాయి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగి, చాలాసేపు లేవలేదు. వ్యాన్లో ఎవరెక్కడ కూర్చుంటారోనని కిటికీలోంచి తొంగిచూశాను. మళ్ళీ ఒకరు ముందు, ఒకరు వెనక. అంతకంటే మార్పు ఒక్క పూటలో వచ్చిందని రాస్తే మీరు మాత్రం నమ్ముతారా?

ఇప్పుడూ వేసవి క్లాసులున్నాయి, మా కాలం వాటికంటే మంచివే. చెప్పేవాడికి పాఠం కూడా వచ్చు. పిల్ల ఏం నేర్చుకుందో తండ్రి ఫోన్‌కే వచ్చేస్తుంది, నక్షత్రాలతో సహా. గట్టు మీద నిలబడే చూసుకోవచ్చు, పనులు మానుకుని ఎవరూ రానక్కర్లేదు. సుఖమే, కాదనను. కాకపోతే, ఇంటి పెద్దలంతా ఆడపిల్ల చూపించిన చోటికి వెళ్ళి, గొణుక్కుంటూనైనా ఆమె చెప్పిన వరసలో కాసేపు నిలబడటమనేది ఆ ఫోన్లో ఎక్కడుందో నాకింకా దొరకలేదు.