ఆపేసిన మాత్రలు

రాజంపేటలో పరుపులు కుట్టే ఇమాం బాషా కూతురు ఫర్హానా. రెండువేల నాలుగులో, పదో తరగతికి వచ్చేసరికి, ఆ పిల్లకు పైపెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు నల్లగా మొలిచాయి. నెలసరి నాలుగైదు నెలలకోసారి వచ్చేది. ఖోఖోలో ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. జిల్లా జట్టుకు కూడా ఎంపికైంది. కానీ మైదానంలో ఎవరో "మీసాల పాపా!" అని అరిచిన నాటినుంచి చున్నీ మూతికి చుట్టుకునే ఆడేది.

తల్లి పీరమ్మ కర్నూలులో తమ్ముడింటికని చెప్పి, కూతురిని అక్కడి డాక్టరమ్మకు చూపించింది. పరీక్షలన్నీ చేయించి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"ఒంట్లో మగ హార్మోను కాస్త ఎక్కువ తయారవుతోంది. చాలామంది ఆడపిల్లలకు ఉండేదే. ఈ మాత్రలతో నెలసరి దారిలో పడుతుంది. వెంట్రుకలు తగ్గడానికి మాత్రం ఆరు నెలల పైనే పడుతుంది. మధ్యలో ఆపొద్దు."

రెండో నెలకే నెలసరి సరిగ్గా వచ్చింది. ఫర్హానా తల్లిని పట్టుకుని ఏడ్చేసింది. "నేను గూడా అందరి మాదిరే అయినానమ్మా!"

ఆ సంతోషం నిలవలేదు. చూసిపోదామని వచ్చిన మేనత్త గూట్లో మాత్రల అట్ట చూసింది.

"ఏందన్నా ఇది? పిల్లలు పుట్టకుండా మింగేటివి గదా! నా కోడలికి ఇవే ఇచ్చినారు. పెండ్లికాని పిల్లకు ఎందుకు?"

పీరమ్మ చెప్పబోయింది. ఇమాం బాషా వినకుండా అట్టను పొయ్యిలో పడేశాడు.

"అది నాకు మందు నాయనా. నేనేం తప్పు చేయలేదు."

"నువ్వు చేయలేదని నాకు తెలుసు పాపా. ఊరికి ఎట్ల చెప్పేది?" అన్నాడతను తల దించుకుని.

నెలసరి మళ్లీ ఆగిపోయింది. పదో తరగతి పరీక్షల ముందు ఒక్కసారిగా మొదలై, ఇక ఆగలేదు. ఫర్హానా పరుపుల దూది గుడ్డలో చుట్టి పెట్టుకుని, ఎవరికీ చెప్పక ఓర్చుకుంది. చివరికి బడి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. అక్కడి డాక్టరు మళ్లీ అవే మాత్రలు రాస్తే, ఇమాం బాషా చీటీ పట్టుకుని తానే మందుల షాపుకు పోయాడు.

ఒళ్లు కుదుటపడింది. పరీక్షలు మాత్రం దాటిపోయాయి. జట్టు ఆమె లేకుండానే పోటీలకు వెళ్లొచ్చింది.

మరుసటేడు వెంట్రుకలు బాగా పలచబడ్డాయి. తండ్రి ఎదురుగా కూర్చుని పరుపు అంచు కుడుతోంది ఫర్హానా.

"శానా తగ్గినాయి పాపా. బడికి పోతావా?" అన్నాడు ఇమాం బాషా.

ఆమె సూది ఆపలేదు. "నాతో ఆడినోళ్లు ఎవురూ ఇప్పుడు ఆ బళ్లో లేరులే నాయనా."