ఆగని హారతి గంట

పొద్దున స్నానం చేసి, నాయన పూజకు పూలు సర్దాను. పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి పడిపోయినప్పటి నుంచి ఆయన హారతి ఇస్తుంటే గంట నేను కొడుతున్నాను. ఒకరి సాయం లేకుండా పూజ చేసుకోవాలని ఆయన కోరిక. అందుకని ఇంజనీరింగు కాలేజీలో పనిచేసే మా తమ్ముడు చిన్న మోటారుకు గంట కట్టి, కర్పూరం కొండెక్కే వేళకు సెకన్లు ఎంచి అది ఆగేటట్టు మైక్రోకంట్రోలర్ చిప్పు అమర్చాడు.

ఈ రోజు మీట నొక్కగానే గంట మోగింది. ఆగలేదు. గంట మోగుతుండగా హారతి దించరాదని నాయన, హారతి వెలుగుతుండగా గంట ఆపరాదని మేము. నేను కర్పూరం వేస్తూనే ఉన్నాను.

"ఇంకెంతసేపురా? చెయ్యి వొణకతా ఉండాది" అన్నాడు నాయన.

"మోటారు తిరిగినప్పుడల్లా చిప్పు లెక్క మర్సిపోతా ఉండాది నాయనా. మళ్ళా మొదట్నించీ ఎంచతాది" అన్నాడు పక్కనే ఉన్న తమ్ముడు.

కర్పూరం డబ్బా ఖాళీ అయ్యాకే తమ్ముడు తీగ పీకాడు. స్వామికి మాత్రం తనివితీరా హారతి అందింది. మీ ఇళ్ళలో యంత్రాలైనా చెప్పినమాట వింటున్నాయా?

సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకున్నాం. చిప్పు బాగయ్యేదాకా గంట కొట్టడానికి నేను అక్కర్లేదు. ఆపడానికి తమ్ముడు రోజూ స్నానం చేసి నాయన పక్కన కూర్చోవాలి.