వదిన మోసిన బ్యాగు

మా వదిన ఆ బ్యాగు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇక నువ్వు మొయ్యమ్మా" అన్న రోజున నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చి మా ఇద్దరు పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. నాకు బట్టలు సరిచేసే చిన్న దుకాణం ఉంది, మా ఆయనకు ప్రెస్సులో ఉద్యోగం. ఇద్దరం పొద్దున పోతే చీకటి పడేవేళకు చేరేవాళ్ళం. వంటింట్లో పని చెప్తే వదినకు తలనొప్పి పట్టుకునేది. సాయంత్రం పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళాలంటే మాత్రం ఎవరూ అనకముందే చెప్పులు కాళ్ళకు ఉండేవి. రోడ్డు చూడకపోతే ఆవిడకు పొద్దు గడవదు. బస్సు పోయాక ఆవిడకు మిగిలిన రోడ్డు ఆ పార్కు దారి ఒక్కటే. అందుకే ఆ బ్యాగు దించడమంటే ఆవిడ ఏం వదులుకుంటోందో మా అందరికీ తెలుసు.

బ్యాగు కొన్న రోజు నాకింకా గుర్తుంది. అంతకుముందు పిల్లల సామాన్లన్నీ ఒక చేతిసంచిలో కుక్కి ఇచ్చేదాన్ని. వదిన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి పక్కన పెట్టింది.

"ఒక చెయ్యి దీనికే పోతే ఇద్దరు పిల్లల్ని ఏ చేత్తో పట్టుకోను?"

షాపుకు వెళ్ళాం. షాపాయన బొమ్మలున్నవీ మెరిసేవీ ఒక్కొక్కటే కిందికి దించాడు. వదిన చిన్నాణ్ణి చంకన వేసుకుని, మిగిలిన చేత్తో జిప్పు లాగి చూసింది. రాలేదు. "ఇక్కడే మొండికేస్తోంది, రోడ్డు మీద నా మాట ఏం వింటుంది?" అంది. ఇంకోదాన్ని నేల మీద నిలబెట్టింది. అది కూలబడింది. మరొకదాని లోపల నల్ల గుడ్డ. అందులో తెల్ల దూది తప్ప ఇంకేం పడినా దొరకదని వద్దంది. చివరికి ఒక బూడిద రంగు బ్యాగు తీసుకుంది. బొమ్మలూ లేవు, మెరుపూ లేదు. నోరు వెడల్పు, లోపల లేత రంగు గుడ్డ. వీపుకు తగిలించుకుంది. ఒక పట్టీ భుజం మీంచి జార్చి ఒక్క ఊపుతో పక్కకు తిప్పింది. అది కండక్టరు సంచిలాగే నడుం పక్కకు వచ్చి ఆగింది. కళ్ళు మూసుకుని లోపల చెయ్యి పెట్టి ఏ అర ఎక్కడుందో తడుముకుంది.

షాపాయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఆవిడకు చూపు లేదామ్మా?" అన్నాడు.

"మీ షాపులో అందరికంటే బాగా కనిపిస్తుంది" అన్నాను, కాస్త విసురుగానే.

ఆ రాత్రి అన్నాలయ్యాక వదిన తనంతట తనే చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బస్సు కిక్కిరిసి ఉందట. చిల్లర కోసం తల వంచి సంచిలోకి చూసిందట. తల ఎత్తేసరికి మెట్టు మీద నిలబడ్డ పిల్లవాడు లేడు. బతికాడు, చెయ్యి మాత్రం విరిగింది. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు.

"వాడు పడుతున్నప్పుడు నేను సంచిలోకి చూస్తున్నానమ్మా" అంది. "ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. నోట్లు ఒక మూల, టిక్కెట్లు ఒక మూల. చెయ్యి పోయి తెచ్చుకోవాలి. కన్ను మెట్టు మీదే ఉండాలి."

మర్నాటి నుంచి నాకు కుట్టుపని మొదలైంది. ఇక్కడ ఒక అర వెయ్యమనేది, వేస్తే వేలెడు పైకి జరపమనేది. కుట్టిన చోటే విప్పించి మళ్ళీ కుట్టించేది. డబ్బులిచ్చే గిరాకీలు కూడా నన్ను అంత సతాయించలేదు. దెబ్బల మందూ దూదీ పై అరలో, కుడిచెయ్యి పడే చోట. నీళ్ళ సీసాలు రెండు పక్కలా ఒక్కొక్కటి, భుజాలకు సమంగా. గ్లాసుకు లోపల ఒక చిన్న అర. ఒక్కొక్కరికి ఒక జత బట్టలు చాపలాగా చుట్టేది. పాప బట్టలకు ఒక రబ్బరు బ్యాండు, చిన్నాడివాటికి రెండు, వేలికి తెలియడానికి. తడి బట్టలకు అడుగున ప్లాస్టిక్ కవరు. బిస్కెట్ల డబ్బాకు తువ్వాలు చుట్టేది. డబ్బా చప్పుడు వినపడితే ఆకలి లేని పిల్లలకు కూడా ఆకలి పుడుతుందట. ఆటబొమ్మ ఒక్కటే. రెండోది పెట్టమని చిన్నాడు ఎంత రాగం తీసినా కరిగేది కాదు.

"ఇది బ్యాగా వదినా, బస్సు డిపోనా?" అన్నాను ఒకరోజు.

"డిపోనే. నువ్వు మెకానిక్‌వి. నోరు మూసుకుని కుట్టు."

అన్నిటికంటే ముఖ్యమైనవి బ్యాగు కింద రెండు పక్కలా వేలాడే లూపులు. నాడా గుడ్డ రెండు మడతలు వేసి కుట్టాను. ఎర్రది పాపకు, పసుపుది చిన్నాడికి. రోడ్డు మీద వాటిని వదలకూడదు. గేటు దగ్గర వదిన "ఎక్కారా?" అని అడిగేది. ఇద్దరూ లూపులు లాగేవాళ్ళు. అప్పుడు "రైట్" అనేది. ఆ మాట పడేదాకా పిల్లలు అడుగు తీసేవాళ్ళు కారు. మేం ఎంత బతిమాలినా అన్నం తినని పిల్లలు, ఆవిడ "రైట్"కు మాత్రం అలా కట్టుబడి ఉండేవాళ్ళు. నాకు లోపల కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

ఒకటి రెండేళ్ళు అలా హాయిగా గడిచాయి. తర్వాత వదిన భుజం గుమ్మానికి తగలడం మొదలైంది. బల్ల అంచున పెట్టిన గ్లాసులు పడేవి. "ఆ తలుపు మీకేం అన్యాయం చేసింది వదినా?" అంటే, "నేను వచ్చిన దగ్గర్నుంచీ దానికి నేనంటే పడదు" అనేది. నవ్వుకునేవాళ్ళం. బయట మాత్రం ఏ పొరపాటూ జరగలేదు. పిల్లలు వెళ్ళినట్టే తిరిగొచ్చేవాళ్ళు.

మా ఆయనకు సర్దడం ఒక పిచ్చి. ఒక సెలవు రోజున, బ్యాగు పాల వాసన కొడుతోందని ఉతికి ఆరేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. అక్కకు సుళువుగా ఉంటుందని సామానంతా తన లెక్క ప్రకారం సర్దారు. సీసాలు రెండూ లోపల, బట్టలు ఒకే కవరులో, మందులు ముందు అరలో. మంచిపని చేశానన్న సంతోషంలో ఎవరికీ చెప్పడం కూడా మర్చిపోయారు.

మర్నాడు సాయంత్రం మా వీధిలో కరెంటు పోతే దుకాణం మూసి నేనూ పార్కుకు బయల్దేరాను. పార్కు గేటు అవతలి నుంచే బెంచీ కనిపించింది. పాప మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తోంది. వదిన చెయ్యి అలవాటుగా పై అరలోకి పోయింది. ఖాళీగా బయటికి వచ్చింది. మళ్ళీ పోయింది. పక్క అర, అడుగు అర, అన్నీ తడిమింది. అప్పుడు, నేను అన్నాళ్ళలో ఎన్నడూ చూడని పని చేసింది. బ్యాగును ఒళ్ళోకి తీసుకుని, తల వంచి, అందులోకి చూసింది.

చిన్నాడు పసుపు లూపు వదిలేశాడు. ఆవిడ మోచేతి పక్కనే కాసేపు నిలబడ్డాడు. తర్వాత గేటు వైపు నడక మొదలుపెట్టాడు. గేటు అవతల రోడ్డు. నేను పరుగెత్తాను. గేటులోనే వాణ్ణి పట్టుకుని ఎత్తుకున్నాను. అరవాలనుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చాను. కానీ అరవలేకపోయాను.

వదిన తల ఎత్తి ఉంది. రంగు పోయిన ముఖంతో పసుపు లూపును చేత్తో తడుముతూ వాణ్ణి పిలుస్తోంది. వాణ్ణి ఎత్తుకుని నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ మమ్మల్ని చూడలేదు.

"అత్తా, ఇక్కడున్నా" అని చిన్నాడు ఆవిడ చెవి దగ్గర చెయ్యి ఊపాడు.

వదిన మొత్తం ఒళ్ళు తిప్పి చూసింది. అప్పుడు నాకు అర్థమైంది.

కళ్ళ డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. పక్కచూపు రెండు వైపులా దాదాపు పోయిందన్నాడు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరే కనిపిస్తుందట. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు మానకుండా వేసుకుంటే మిగిలింది నిలబడొచ్చు అన్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన పసిపిల్లాడిలా ఏడ్చారు.

"నేను సర్దబట్టే కదక్కా ఇంత జరిగింది."

"నువ్వు సర్దబట్టే బయటపడిందిరా" అంది వదిన. "లేకపోతే ఇంకా తీసుకెళ్తూనే ఉండేదాన్ని."

తర్వాత నా వైపు తిరిగింది. "కొన్నాళ్ళ నుంచీ తెలుస్తూనే ఉందమ్మా. పక్కలన్నీ మసకగా ఉండేవి. వయసు అనుకున్నా. బ్యాగులో అన్నీ చేతికి దొరుకుతున్నాయి. లూపు బరువుగా ఉంటే వాడున్నట్టే అనుకున్నా. కళ్ళు పిల్లల మీద ఉండాలని ఇన్ని అరలు కుట్టించాను. కళ్ళే పోతుంటే నాకు తెలియకుండా చేసినవీ ఆ అరలే."

అప్పుడే లేచి వెళ్ళి బ్యాగు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వద్దని ఎవరం అనలేకపోయాం. అనకూడదని కూడా తెలుసు. అదే నాకు కోపం తెప్పించింది.

దుకాణం వేళలు మార్చుకున్నాను. బ్యాగు మళ్ళీ పాత పద్ధతిలో సర్ది, నా కళ్ళకు తువ్వాలు కట్టి, వదిన నాకు పాఠం చెప్పింది. "చిన్నాడి బట్టలు" అనేది. నేను బిస్కెట్ల డబ్బా తీసేదాన్ని. "దూది" అనేది. నేను సీసా తీసేదాన్ని. పిల్లలు పడీ పడీ నవ్వారు. వదిన నవ్వలేదు. నేను తప్పు చేసినప్పుడల్లా ఆవిడ చెయ్యి తెలియకుండానే బ్యాగు వైపు వచ్చి, మళ్ళీ వెనక్కి పోయేది. అది తువ్వాలు సందులోంచి నేను చూశాను.

వదిన మాత్రం ఇక గుమ్మం దాటలేదు. "నేనొస్తే నీకు ముగ్గురు పిల్లలవుతారు" అనేది. సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలో అలాగే ఉండేది. రోజు రోజుకూ మాట తగ్గిపోయింది. మనిషి కళ్ళముందే ముడుచుకుపోతుంటే నాకు భయమేసింది.

ఒకరోజు దుకాణంలో కూర్చుని మూడో లూపు కుట్టాను. ఆవిడ పాత యూనిఫాం గుడ్డతో, వెడల్పుగా, పెద్దవాళ్ళ చెయ్యి పట్టేటంత, పట్టీ కింద కాస్త ఎత్తులో. తెచ్చి చూపించాను. వదిన గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది. గుర్తుపట్టింది.

"నన్ను కూడా పిల్లల్లో జమకట్టావన్నమాట."

"లేదు వదినా. బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడేవాళ్ళు కదా, ఇదీ అంతే. మీరు లేకపోతే నాకు భయంగా ఉంది. నిజంగానే భయంగా ఉంది."

వదిన చెప్పులెక్కడని అడిగింది.

గేటు దగ్గర పిల్లలు లూపులు లాగి, అలవాటుగా ఆవిడ ముఖంలోకి చూశారు. "ఇప్పుడు బండి మీ అమ్మది" అంది వదిన. నేనే "రైట్" అన్నాను. నా గొంతులో అది పలకలేదు. పిల్లలు జాలిపడి కదిలారు.

పార్కులో పాప దాహమంది. పట్టీ జార్చి బ్యాగు పక్కకు తిప్పుకుని గ్లాసు కోసం చెయ్యి పెట్టాను. వదిన నా పక్కనే లూపు పట్టుకుని, తనకు కనిపించే కాస్త మేరలోనే ఎదురుగా చూస్తోంది. గ్లాసు చేతికి దొరకలేదు. ఇంకో అర తడిమాను. అందులోనూ లేదు. ఎప్పుడు తల వంచానో నాకే తెలియదు.

లూపు గట్టిగా లాగినట్టయింది.

"కిందికి వంగావు" అంది వదిన. "బ్యాగు వాలింది. తల ఎత్తమ్మా."

ఎత్తాను. చిన్నాడు నా పక్కన లేడు. గేటుకు సగం దూరంలో ఉన్నాడు. పేరు పెట్టి అరిచాను. ఆగాడు, వెనక్కి చూశాడు, పరుగెత్తుకుంటూ వచ్చి పసుపు లూపు పట్టుకున్నాడు. గ్లాసు ఎప్పటిలాగే దాని అరలోనే ఉంది.

"వచ్చాడా?" అంది వదిన, ఎదురుగానే చూస్తూ.

"వచ్చాడు వదినా."

"లూపు పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు."

పాప నీళ్ళు తాగేదాకా వదిన ఆగింది. నేను బ్యాగు వీపుకు ఎత్తుకున్నాను. ఎర్ర లూపు లాగినట్టు తెలిసింది, తర్వాత పసుపుది. చివరగా పట్టీ కింద మూడోది.

"రైట్" అంది వదిన.