కడగకూడని గ్లాసు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏడాది పొడుగునా తోరణాలు ఉండేవి. మామిడాకులవి కావు, పాలపేకెట్లవి. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఖాళీ అయిన ప్రతి పేకెట్టునీ తిరగేసి, కడిగి, బట్టల తాడుకి క్లిప్పు పెట్టి ఆరేసేది. వాటి పక్కన టిఫిన్ పార్సిల్ కవర్లు, ఆ పక్కన కూరల కవర్లు. సముద్రం మీంచి గాలి లేచినప్పుడు అవన్నీ ఒక్కసారిగా టపటపలాడేవి. చిన్నప్పుడంటే మరీ రాజుల కాలం అనుకోకండి. అప్పటికే మా చేపల వీధిలో ఇంటింటికీ డిష్ గొడుగూ, మనిషికో సెల్‌ఫోనూ వచ్చేశాయి. ఇంటి పిల్లల్లో నేను పెద్దదాన్ని. నా తరవాత పుట్టినవాళ్ళకి మా చిన్నాన్న గోడ మీద ఫొటో మాత్రమే. అందుకని ఇది చెప్పాల్సింది నేనే.

నాన్నకి నెల్లిమర్లలో మిల్లు పని. అమ్మా నాన్నా అక్కడ, నేను మామ్మా, చిన్నాన్నల దగ్గర.

మామ్మ అసలు ప్రతిభ డిస్పోజల్ గ్లాసుల దగ్గర బయటపడేది. పెళ్ళికెళ్ళినా, దినం భోజనానికెళ్ళినా చంకలో ఒక సంచి ఉండేది. అందరూ తాగి పడేసిన ప్లాస్టిక్ గ్లాసుల్లో నలగనివి ఏరి, ఇంటికి తెచ్చి, సబ్బుపొడితో తోమి బోర్లించేది. ఆ గ్లాసులన్నిటికీ ఊరూ పేరూ ఉండేవి. ఇది ఫలానా వాళ్ళ పెళ్ళిది, ఇది ఫలానా ముసలాయన పెద్దకర్మది. నేను నీళ్ళకి పెళ్ళి గ్లాసు వెతుక్కునేదాన్ని. పెద్దకర్మ గ్లాసుతో తాగితే నాతో పాటు ఇంకెవరో కూడా గుటక వేస్తున్నట్టు ఉండేది. ఆ సంగతి చెబితే మామ్మ తేలిగ్గా తీసిపారేసింది.

“తాగు, తాగు. ఆడు నీ నీల్ల కోసం రాడు. బతికున్నపుడే ఆడికి నీల్లంటే పడవు.”

ఈ గ్లాసులకి మా ఇంట్లో ఒక పెద్ద ఉద్యోగం కూడా ఉండేది. మా వీధిలో మగవాళ్ళు చేపల వేటకి వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి టీ తాగుతారు. ఆ గ్లాసు కడగకూడదు. అడుగున మిగిలిన చుక్కతో సహా గూట్లో పెట్టి, మనిషి తిరిగొచ్చాకే కడగాలి. ఎవరైనా ఊరెళ్ళగానే ఇల్లు ఊడవకూడదంటారే, అలాంటిదే ఇదీ. గ్లాసులో టీ మరక ఉన్నంతసేపూ మనిషికీ ఇంటికీ మధ్య తాడు తెగలేదని మావాళ్ళ నమ్మకం. దానికోసం స్టీలు గ్లాసు అలా గూట్లో ఇరుక్కుపోవడం మామ్మకి నచ్చలేదు. అందుకే ప్లాస్టిక్ గ్లాసుని ఆ పనికి వేసింది. ఊరంతా పారేసే వస్తువుని మా ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టేవాళ్ళం.

ఒక ఏడు చిన్నాన్నకి పెళ్ళయింది. పిన్నిది రాజాం. వాళ్ళది ఎండుచేపల కొట్టు. చేప ఎండిన తరవాత సంగతులన్నీ ఆవిడకి తెలుసు. దానికి ముందు సంగతులే తెలియవు. వచ్చిన కొత్తలోనే ఇల్లు శుభ్రం చేద్దామని మామ్మ దాచుకున్న గ్లాసుల దొంతర ఒకటి తీసుకెళ్ళి చెత్తలో పారేసింది. మామ్మ వాటిని వెనక్కి తెచ్చి, వీధంతా వినేలా పాఠం చెప్పింది.

“ఒలే, తాగిన గ్లాసు పారెయ్యడానికి మీ నాయన గ్లాసుల ఫేక్ట్రీ పెట్టినాడేటే? ఈ ఇంట్లో ఏ గ్లాసైనా కడగాల. కడిగి బోర్లించాల. తెలిసినాదా?”

పిన్ని తలూపింది. అంత శ్రద్ధగా పాఠం నేర్చుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు తెల్లారుతుండగా, పెళ్ళయ్యాక మొదటిసారి వేటకి వెళ్తూ, చిన్నాన్న టీ తాగి, ఫోన్ని మామ్మ కడిగిన పాలపేకెట్టులో పెట్టి మూతికి రబ్బరు బేండు బిగించుకుని, మరో ఇద్దరితో బోటెక్కాడు. నేను మెట్ల మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాను. పిన్ని గూట్లో ఉన్న గ్లాసు తెచ్చి, తోమి, రెండుసార్లు కడిగి, మిగతా వాటి పక్కన బోర్లించింది. నోట్లో నురగతో నేను ఏదో అనబోయేసరికే అయిపోయింది. నా వైపు చూసి నవ్వింది.

“మీ మామ్మ సూసి మెచ్చుకోవాల!”

మామ్మ అప్పటికే చూసింది. పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. మామ్మ ఎవరినైనా తిట్టకుండా వదిలెయ్యడం నేనెరిగి అదే మొదలు. చెంగుతో చేతులు తుడుచుకుని, సముద్రం వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి అన్నానికి ఎసరు పెట్టింది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. తాడు మీది కవర్లు రెండు తెగి ఎగిరిపోయాయి. వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే వచ్చేశాయి, చిన్నాన్న వాళ్ళది తప్ప. నేను ఫోను చేస్తూనే ఉన్నాను. మీరు పిలుస్తున్న వ్యక్తి అందుబాటులో లేరని ఒకామె చాలా మర్యాదగా చెబుతూనే ఉంది. వీధిలో ఆడవాళ్ళు మా ఇంటికి చేరారు. అందరికంటే ముందు లోపలికొచ్చింది ఎదురింటి అత్త. మంచిది, కాకపోతే ఆవిడ మంచితనానికి గొంతు ఎక్కువ. నేరుగా గూటి దగ్గరికి వెళ్ళింది.

“గ్లాసేదే? మరకుంటే బయపడక్కర్లేదు. గ్లాసేటైపోనాది?”

అత్త ఇటు తిరిగి, బోర్లించిన గ్లాసుల వరస చూసింది.

“ఓలమ్మో! కడిగీసినారా! మనిసి నీల్ల మీదుండగా కడిగిందెవులే?”

పిన్నికి అప్పుడు అర్థమైంది. ఆమె ముఖం తెల్లబోవడం చూశాను. పెదవులు కదులుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే ఆమే చెప్పేసేది. వీధంతా ఆమె చేతుల వైపే చూస్తోంది.

“నానే,” అంది మామ్మ.

అందరూ తిరిగారు.

“నానే కడిగీసినాను. నాకు సెయ్యి ఊరుకోదని మీకు తెల్దేటి? దొంతర్లో కలిసిపోనాది, కడిగీసినాను. ఈ పిల్లకేటి తెలుసు, నిన్న గాక మొన్న వచ్చినాది.”

“కన్నతల్లివై ఉండి ఎంత పని సేసినావే!” అంది అత్త.

“సేసినాను,” అంది మామ్మ. బజారులో బేరం తేల్చినట్టు అంది.

తరవాతి రోజు ఇంకో ఊరి బోటువాళ్ళు చిన్నాన్నతో వెళ్ళిన ఇద్దరినీ ప్రాణాలతో తీసుకొచ్చి ఒడ్డున దింపారు. చిన్నాన్న వాళ్ళలో లేడు. ఆ తరవాత కూడా దొరకలేదు.

వీధి మామ్మని తిట్టలేదు. అంతకంటే సులువైన పని చేసింది. చేపలమ్మడానికి ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళే ఆటోలో ఆవిడకి చోటు లేకుండా పోయింది. రోజూ సరిగ్గా ఆవిడ వచ్చేసరికే ఆటో నిండిపోయేది. ఎవరూ వల మీద ఆవిడ చెయ్యి పడనిచ్చేవారు కాదు. గంప నెత్తిన పెట్టుకుని నడిచే వెళ్ళేది. కొడుకు గ్లాసు కడిగీసిన మనిషి అని వెనకాల అనుకునేవారు. ఆవిడకి వినపడేంత దూరం నుంచే అనుకునేవారు.

పిన్నిని మామ్మే రాజాం బస్సెక్కించింది. మా వీధిలో పుట్టిన మాట బస్సుకంటే ముందే రాజాం చేరుతుంది. మొగుడి గ్లాసు కడిగిన పిల్ల అన్న మాట చేరి ఉంటే ఆమె పుట్టింట్లో కూడా గుమ్మం దాటగలిగేది కాదు. అది చేరలేదు. కొన్నాళ్ళకి ఆమెకి గరివిడిలో మళ్ళీ పెళ్ళయింది. ఇప్పుడు మామ్మ లేదు. ఇది రాస్తానంటే పిన్ని ఫోన్లో రాయమంది.

చిన్నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు మామ్మ నూతి దగ్గర కూర్చుని భోజనాల గ్లాసులు తోముతోంది. అవి ఎవరి పేరు మీద ఇంటికొచ్చాయో ఇద్దరికీ తెలుసు. నేను పక్కన కూర్చుని, ఆ గ్లాసు నువ్వు కడగలేదు కదా అని అడిగాను.

“నువ్వు సూసినావేటి?”

“సూసినాను.”

మామ్మ చెంబుతో నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది.

“ఐతే ఆ సూసిన కల్లు కడుక్కో.”

కడుక్కున్నాను. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. అడగకుండా మిగిలిపోయింది ఒకటే. ఆ గ్లాసు సంగతి మామ్మ నిజంగా నమ్మిందా? నమ్మకపోతే అది కోడలి కోసం ఆడిన అబద్ధం, అంతే. నమ్మి ఉంటే మాత్రం, తన కొడుకుని ముంచాయనుకున్న చేతుల్నే తన చేతులతో కప్పింది. చదువుకున్నదాన్ని కాబట్టి మొదటిదే నిజమని నాకు నేను చెప్పుకుంటాను. పగటిపూట, ఎండ బాగా ఉన్నప్పుడు, నమ్ముతాను కూడా. గాలి తిరిగిన రోజున మాత్రం రెండోదే వచ్చి నా పక్కన కూర్చుంటుంది.