నేను రాసిచ్చిన ‘నార్మల్’

ఆ రొయ్యల చెరువు పోవడంలో నా తప్పుందని నేను చాలా నెలలు ఎవరికీ చెప్పలేదు.

కోట అనే ఊరి దగ్గర, రొయ్యలకు జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఓ ఉదయం ఒకామె కవర్లో పది రొయ్యలు తెచ్చింది.

“మేత ట్రేలోయి సార్. ఇయ్యి బాగానే ఉండాయి. గట్టు కాడ మటుకు రెండు మూడు తిరగతా ఉండాయి. భయంగా ఉంది.”

జబ్బు చేసిన రొయ్య మేత పెట్టే ట్రేలోకి రాదు, గట్టు చేరుతుంది. అవే పట్టి తెమ్మని అడగాలి. జబ్బు ముందే తేలితే రొయ్యలు వెంటనే పట్టి కొంతైనా అమ్ముకోవచ్చు. బయట ఇంకా ఏడుగురు కవర్లతో నిలబడి ఉన్నారు. తెచ్చినవి మాత్రమే చూసి, కాగితం మీద ‘నార్మల్’ అని రాశాను.

“నార్మలంటే భయం లేదనే గదా సార్?”

“ఏం లేదులేమ్మా.”

నాలుగో రోజుకు తెల్లమచ్చ తెగులుతో రొయ్యలన్నీ చచ్చి చెరువంతా పోయింది. చెరువు మీద పిట్టలు వాలకుండా ఆమె వల సరిగా కట్టలేదనీ, కాకులే జబ్బు మోసుకొచ్చాయనీ భర్త నలుగురిలో తిట్టాడట. ఆమెను చెరువు గట్టు ఎక్కనివ్వడం లేదని తెలిసింది. అయినా తప్పు నాదని నేను చెప్పలేదు. ల్యాబ్ తలుపు చప్పుడైతే ఆమేనేమోనని తొంగి చూసేవాణ్ణి. ‘నార్మల్’ అని రాయబోతే కలం ఆగిపోయేది.

ఒకరోజు ఆ మాటకు నిఘంటువు తిరగేశాను. లాటిన్‌లో ‘నోర్మా’ అంటే వడ్రంగి మూలమట్టం. దాన్ని ఆనించి చూస్తే మూల సరిగ్గా కుదిరినదే మొదట నార్మల్. పద్ధతి ప్రకారం ఉన్నదనీ, మామూలుదనీ అర్థాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు బీపీకీ కాన్పుకీ కూడా అదే మాట. వడ్రంగి మట్టం ఆనించకుండా తలుపు సరిగ్గా ఉందనడు. నేను ఆనించకుండానే అన్నాను.

పోయిన నెల ఆమె భర్త కవర్ పట్టుకుని వచ్చాడు.

“ఈ తడవ చెరువు దాని చేతికియ్యలా సార్. నేనే చూసుకుంటా ఉండా.”

“ఇవి ఎక్కడివి?”

“ట్రేలోయి.”

“గట్టు దగ్గరివి?”

“అయ్యెందుకు? పోయిన తడవ అదీ ట్రేలోయే గదా తెచ్చింది. మీరేం అడగలేదే!”

కాగితం పక్కన పెట్టి, అతని బండి వెనక ఎక్కి వాళ్ల ఇంటికి వెళ్లాను.

ఆమె వాకిట్లో ఉంది. “ఏంది సార్, ల్యాబ్ మూసేసి మా ఇంటికొచ్చినారా?” అని నవ్వింది.

భర్త వింటూండగానే చెప్పాను: “గట్టు దగ్గర తిరుగుతున్నాయని ఆరోజే చెప్పావమ్మా. అవి తెమ్మని నేనే అడగలేదు. భయం లేదని కూడా అన్నాను. తప్పు నాది, నీది కాదు. నన్ను క్షమించు.”