మంగళవారం దేవత, బుధవారం కోడలు

మా ఎదురింటి వాళ్లు ప్రతి మంగళవారం పొద్దున ఇల్లంతా మైసాచి గుగ్గిలం పొగ వేస్తారు. నిప్పుల మీద ఆ ముద్ద చిటపటలాడి కరుగుతుంటే, పొగ వాళ్ల గుమ్మం దాటి, మెట్ల దగ్గర కాసేపు తచ్చాడి, మా తలుపు సందులోంచి నేరుగా నా వంటింట్లోకి వస్తుంది. నా మనవరాలు కళ్లు మూసుకుని పీల్చి, ఎంత బాగుందో అమ్మమ్మా అంటుంది. బాగానే ఉంటుంది, కాదనను. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఒళ్లు మండుతుంది. డెబ్బై అయిదు దాటినదాన్ని, మోకాళ్లు పట్టేసినదాన్ని, గబగబా లేచిపోయి తలుపు కింద తడిగుడ్డ కుక్కి వస్తాను. భక్తి లేక కాదు. ఆ పొగలో మా చిన్నమ్మ కూర్చుని కనిపిస్తుంది.

మాది దేవరకొండకు దగ్గర్లో ఒక పల్లె, మాది గొర్లు కాసే ఇల్లు. ఇప్పుడు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేవి వాసనలే: వాన కురిసిన తెల్లారి దొడ్డిలో తడిసిన ఉన్ని వాసన, గొంగడి నేసే ముందు దారానికి పట్టించే చింతగింజల గంజి వాసన, పొయ్యి మీద పొంగుతున్న జొన్న గటక వాసన, ఈనిన గొర్రె పాలతో అమ్మ జున్ను కాస్తే వాకిట్లో దాకా వచ్చే తియ్యటి ఆవిరి. శ్రావణంలో బోనాలకు కొత్త కుండలకు సున్నం, ఎర్ర జాజు పూసేవాళ్లు, బెల్లం అన్నంలో ఎవరికి ఎంత అడుగంటు దక్కిందో చూసుకుని పిల్లలం కొట్టుకునేవాళ్లం. వానలు వెనకబడితే కప్పను రోకలికి కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకునేవాళ్లం. అరుగు మీద మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, ఎడమచేత్తో ఉన్ని సాగదీస్తూ కుడిచేత్తో కదురు తిప్పుతూ, ఆ రెండు చేతుల పనీ ఆగకుండానే నోటితో ఇంటినంతా నడిపేది.

అంత పెద్ద సంసారంలో అందరికంటే చిన్న కోడలు మా చిన్నమ్మ బాలమ్మ, మా చిన్నాయన భార్య. ఆమె పుట్టిల్లు ఎక్కడో కృష్ణ ఒడ్డున, ఆత్మకూరు దిక్కు. ఎండాకాలం ఇక్కడ గడ్డి మాడిపోతే మా వాళ్లు మందను నదిదాకా తోలుకుపోయేవాళ్లు. అక్కడ వాళ్ల మంద, మా మంద ఒకే రేవులో నీళ్లు తాగితే కుదిరిన సంబంధం అది. గొర్లకు నీళ్లున్న చోటు చూసి పిల్లను నీళ్లు లేని చోటికి తెచ్చారు. ఆమెకు వెనకా ముందూ ఉన్నది తల్లి, ఒక తమ్ముడు కురుమయ్య. దూరం కాబట్టి పోవడం లేదు, రావడం లేదు.

ఆమె రోజు ఎట్లా ఉండేదో చెప్తాను. కోడి కూయకముందే లేచి దొడ్డి ఊడవాలి, పెంట ఎత్తిపోయాలి, పన్నెండు మందికి జొన్నలు విసరాలి, మంద మేతకు పోయాక ఇంటి దగ్గర మిగిలిన పసి గొర్రెపిల్లలకు ఆకు కోసి పెట్టాలి, ఆ మధ్యలో ఉన్ని వడకాలి. ఇవన్నీ చేస్తూ ఒక కొడుకును కన్నది. మూడు నెలలకు ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. పోయిన ఐదో రోజు మా అవ్వ ఆమె ఒళ్లో ఉన్ని బుట్ట పెట్టింది. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపు ఎక్కువైతదట. అది ఓదార్పు అనుకున్నది మా అవ్వ.

చిన్నమ్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ముందు తిండి తగ్గింది, తర్వాత మాట తగ్గింది, తర్వాత నిద్ర పూర్తిగా పోయింది. మధ్యాహ్నం ఎవరూ చూడనప్పుడు గొర్రెపిల్లల దొడ్లోకి పోయి, ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని, దాని మెడలో ముఖం దాచుకుని కూర్చునేది. ఆమెకు దొరికిన ఊరట అదొక్కటే. అది కూడా మా అమ్మ కేక వేసేంత వరకే.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఇదే. నూటయాభై గొర్ల మందలో ఏది నెమరు వేయడం మానిందో మా నాయిన పది బారల దూరం నుంచి చెప్పేవాడు. దాన్ని పక్కకు తీసి, నీడన కట్టి, లేత తుమ్మకాయలు పెట్టి, రెండు రోజులు మందతో నడిపించకుండా ఇంట్లోనే ఉంచేవాడు. గొర్రె తల వేలాడేస్తే ఇల్లంతా లేచేది. ఇంట్లో మనిషి నెలన్నర తల వేలాడేసుకుని తిరిగితే, ఇంత కంటిచూపు ఉన్న ఆ మనుషుల్లో ఒక్కరికీ, మా చిన్నాయనకు కూడా, కనపడలేదు. కనపడలేదో, కనపడితే పని ఆగిపోతుందని చూడలేదో, ఏదైనా నేను క్షమించను.

ఆ ఏడు బోనాల రోజు మా ఇంటి ముందు డప్పులు మోగుతుంటే, మైసాచి పొగ కమ్ముకుంటుంటే, వాకిలి ఊడుస్తున్న చిన్నమ్మ ఒక్కసారి చీపురు విసిరికొట్టి, రెండు చెవులూ మూసుకుని అరిచింది.

"ఆపుండ్రి! ఆపుండ్రి! నా తల పగుల్తాంది!"

జుట్టు ముడి ఊడిపోయింది, ఒళ్లంతా వణికింది. ఎన్నాళ్లుగానో నిద్ర లేని ఒళ్లు వణకక ఏం చేస్తుంది? కానీ డప్పులు ఇంకా జోరందుకున్నాయి. బిందెలతో నీళ్లు గుమ్మరించారు, ముఖమంతా పసుపు పూశారు, చేతిలో వేపమండలు పెట్టారు. తల్లి వచ్చింది, ఎల్లమ్మ తల్లి వచ్చింది అని వాడకట్టంతా ఉరికొచ్చింది. రోజూ ఆమెను తిట్టే మా అవ్వ ముందుగా ఆమె కాళ్ల మీద పడింది.

"తల్లీ, ఏం గావాలెనో చెప్పు. నీకేం తక్కువ చేసినం?" అన్నది.

అప్పుడు మా చిన్నమ్మ స్పష్టంగా, ఎక్కిళ్ల మధ్య, అందరికీ వినపడేట్టు చెప్పింది. "నన్ను మా ఇంటికి తోలుండ్రి. మా తమ్మున్ని పిలువుండ్రి."

ఆ మాటలు నేను మా అమ్మ కొంగు పట్టుకుని నిలబడి నా చెవులతో విన్నాను. ఇల్లు అంటే ఊరి బయట ఉన్న ఎల్లమ్మ గుడి అనుకున్నారు. తమ్ముడు అంటే అమ్మవారి తమ్ముడు పోతరాజు అనుకున్నారు. ఒంటికి పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, కొరడా ఝళిపిస్తూ ఒకడు ఎగిరి ఎగిరి వచ్చాడు. ఆమె భయపడి వెనక్కి జరిగితే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆ పొగలో, ఆ డప్పుల మధ్య ఊరేగిస్తూ గుడిదాకా నడిపించారు. దారిలో కొరడా ఆమె ముంజేతికి తగిలి వాత తేలింది. తమ్ముణ్ణి అడిగిన ఆడదానికి మా ఊరు ఇచ్చిన తమ్ముడు వాడు.

అక్కడి నుంచి వారానికి మూడు రోజులు ఆమెకు కొలువు మొదలైంది. మంగళవారం, శుక్రవారం, ఆదివారం దొడ్డి పక్కన గొంగడి పరిచి కూర్చోబెట్టేవాళ్లు. తప్పిపోయిన మేక ఎటు పోయింది, వాన ఎప్పుడు పడుతుంది, బిడ్డకు పెండ్లెప్పుడు కుదురుతుంది అని జనం వరస కట్టేవాళ్లు. నాలుగో తరగతి పాసైతనా అని నేను కూడా అడిగాను. మంగళవారం మా అవ్వ ఆమె కాళ్లకు మొక్కేది. బుధవారం పొద్దున్నే, పెంట ఎత్తిపోయలేదని అదే నోటితో తిట్టేది. దేవతకైనా మూడు రోజులే కొలువు, మిగతా నాలుగు రోజులు ఆమె మాకు పనిమనిషే. ఊరంతా ఆమెను అన్నీ అడిగింది. నువ్వెట్లా ఉన్నావని ఒక్కరూ అడగలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం గొర్రెపిల్లల దొడ్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొంగులో దాచుకున్న పోస్టు కార్డు తీసింది. ఎవరితో తెప్పించుకుందో తెలియదు.

"పిల్లా, నువ్వు బడికి పోతున్నవు గదా, మా తమ్మునికి రాయి. నీ అక్కకు పానం మంచిగ లేదు, కన్ను మూతపడ్తలేదు, బువ్వ లోపలికి పోతలేదు, జల్ది వచ్చి తోల్కపొమ్మని రాయి. ఒక్క నెల మా అమ్మ కాడ పండుకుంట, మల్లొస్త."

నేను పెన్సిలు పట్టుకున్నాను. ఇంటిపేరూ ఊరిపేరూ గుండ్రంగా రాశాను. తర్వాత ఆగిపోయాను. కురుమయ్యకు చదువు రాదు, కార్డు అక్కడి బడిపంతులు పదిమందిలో చదివి వినిపిస్తాడు. మా ఇంటికి వచ్చిన కోడలికి తిండి లేదు, నిద్ర లేదు అని వాళ్లంతా వింటే మా ఇంటి పరువేం కావాలి? అది ఒకటి. ఇంకొకటి, అసలుది: బడిలో నన్ను దేవత ఇంటి పిల్ల అనేవాళ్లు. ముందు వరసలో కూర్చోనిచ్చేవాళ్లు, చింతకాయల్లో పెద్దది నాకే ఇచ్చేవాళ్లు. చిన్నమ్మకు జబ్బు అని నా చేత్తో నేనే రాస్తే అదంతా పోతుంది. అందుకని నేను ఇట్లా రాశాను. మీ అక్కకు ఎల్లమ్మ తల్లి వచ్చింది, ఊరూరి నుంచి జనం వస్తున్నారు, మీరు కూడా వచ్చి మొక్కుకుని పోవలెను.

"అన్ని రాసినవా?" అని అడిగింది.

"రాసిన" అన్నాను.

ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అక్షరాలు చెరిగిపోతాయేమోనని తాకకుండా అంచులు పట్టుకుని నాకిచ్చింది. ఆ రోజు రాత్రి ఆమె రెండు ముద్దలు ఎక్కువ తిన్నదని మా అమ్మ చెప్పింది.

దసరా పోయాక ఒక మంగళవారం కురుమయ్య వచ్చాడు. తలస్నానం చేసి, నుదుటిన బొట్టు పెట్టుకుని, చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కొత్త చీర పట్టుకుని, వరసలో ఏడో మనిషిగా నిలబడ్డాడు. చిన్నమ్మ అతన్ని చూడగానే గొంగడి మీది నుంచి లేచి నిలబడింది. అట్లాంటి ముఖం నేను ఆమెకు ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. కురుమా అని పిలిచింది. అతను పరుగున వచ్చాడు, వచ్చి సాష్టాంగపడ్డాడు.

"తల్లీ, పెండ్లయి మూడేండ్లాయె, ఇంక కడుపు పండలే. జర సల్లగ సూడు తల్లీ" అన్నాడు.

చిన్నమ్మ తల తిప్పి, జనంలో ఎక్కడున్నానో వెతికి, నా వైపు చూసింది. కోపంగా కాదు. ఊరికే చూసింది. ఆ తర్వాత కూర్చుని, పసుపు బండారి తీసి తమ్ముడి నుదుటికి పెట్టి, పిల్లలైతరు పో అన్నది. అతను ఆ పూట మా ఇంట్లో భోజనం చేశాడు గానీ అక్క పక్కన కూర్చోవడానికి భయపడ్డాడు. దేవత పక్కన ఎట్లా కూర్చుంటాడు? సాయంత్రం బస్సుకు సంతోషంగా వెళ్లిపోయాడు. ఇంటికి తోలుండ్రి అన్న మాట ఆమె నోట మళ్లీ ఎప్పుడూ రాలేదు.

చిన్నమ్మ బతికింది. చాలా ఏళ్లు బతికింది. ఒకటి మాత్రం నేను పెద్దయ్యాక గమనించాను. ఆమె దగ్గరికి ఆడవాళ్లు వచ్చినప్పుడు మగవాళ్లను, అత్తలను బయటికి పంపేది. తిన్నవా, పండుకున్నవా, ఎన్ని దినాలాయె కన్ను మూతపడక అని అడిగేది. గొర్రెపిల్లల దొడ్లో చాప వేసి వాళ్లను పండుకోమనేది, మధ్యాహ్నం దాకా ఎవ్వరూ లేపొద్దని తల్లి ఆజ్ఞ అని చెప్పేది. దేవత ఆజ్ఞ కాబట్టి ఏ అత్తా నోరెత్తలేదు. తనకు దొరకని నిద్రను ఆ రకంగా ఎంతమందికి ఇప్పించిందో. గీ తల్లేంది, వానల సంగతి చెప్పక బువ్వ సంగతి అడుగుతది అని మా అవ్వ చచ్చేదాకా గొణుగుతూనే ఉంది.

నేను చదువుకుని, టీచరునై, నా పిల్లల పెళ్లిళ్లు కూడా చేశాక, ధైర్యం చేసి ఒకరోజు ఆమెకు చెప్పాను. చిన్నమ్మా, నువ్వు చెప్పింది నేను రాయలేదు అని.

"ఎరుకే బిడ్డా, వాడు మొక్కినప్పుడే ఎరుకాయె" అన్నది. నా కళ్లు తుడిచింది. తుడిచి, గట్టిగా, నేనెప్పుడూ ఆమె గొంతులో వినని కోపంతో అన్నది. "గప్పుడు నీకు తొమ్మిదేండ్లు. మరి ఇంట్ల పెద్దోల్లకు ఎన్నేండ్లుండె?"

ఆమె పోయి చాలా కాలమైంది. మా ఇల్లు కూలిపోయింది, మంద అమ్ముడుపోయింది, కదురు పట్టే చేతులు మా వాడకట్టులో ఒక్కటీ లేవు. గంజి పట్టిన గొంగడి వాసన ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. దొడ్డి ఉన్న జాగాలో మాత్రం సిమెంటు గుడి లేచింది. గోడ మీద డబ్బులిచ్చిన వాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, బాలమ్మ పేరు లేదు. మధ్యాహ్నం పండుకునే చాప ఎప్పుడో పోయింది, పొగా డప్పులూ ఉన్నాయి.

పోయిన నెల నేను ఊరికి పోయి ఆ గుడి దగ్గర ఉన్నప్పుడే ఒక ముసలామె తన కోడల్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కళ్ల కింద నలుపు, దువ్వని జుట్టు, ఎటో చూస్తున్న చూపు. కాన్పయి రెండు నెలలట. జర గాలి సోకింది, డప్పులోల్లను పిలిచినం అని ముసలామె పూజారికి చెప్తోంది. నేను మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి పోయి ఆ పిల్ల ముందు నిలబడ్డాను.

"బిడ్డా, నీకు నిద్ర పడ్తాందా?" అని అడిగాను.

"ఏడ పడ్తది పెద్దమ్మా, తెల్లందాక గట్లనే కూసుంటది" అన్నది అత్త.

"నిన్ను గాదు నేనడిగింది" అన్నాను. నా గొంతు గుడంతా వినపడింది. డప్పులు విప్పుతున్న వాళ్లు కూడా ఆగిపోయారు. "నువ్వు నోరు ముయ్యి. ఆమెను చెప్పనియ్యి."

ఆ పిల్ల తల ఎత్తి, మొదటిసారి నన్ను చూసి, పడ్తలేదని తల అడ్డంగా ఊపింది.