నెమలికి రెండో కాలు

మొన్న గుంటూరు బ్రాడీపేటలో మనవరాలి ఇంట్లో, నాలుగేళ్ల మునిమనవరాలు కొత్తగా రంగు వేయించిన గోడ మీద ఏనుగో ఎద్దో తెలియని ఒక పెద్ద జంతువును గీసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. మనవరాలు తడిగుడ్డ తెచ్చేలోపు నేను గోడకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనవరాలికి నవ్వొచ్చింది. నాకు మాత్రం అరవై ఏళ్ల నాటి మా మిరప కల్లం కళ్ల ముందుకు వచ్చింది.

దర్శి దగ్గర మా ఊరు. అప్పటికి మా పెద్దమ్మాయికి ఆరేళ్లు. పొయ్యిలో చల్లారిన బొగ్గుముక్క దొరికితే చాలు, గడప మీదా గాదె మీదా కోళ్లనూ ఎడ్లనూ గీసేది. నాకు గీత రాదు, రాత అంతకన్నా రాదు, కానీ దాని కోడి నిజంగా గింజ ఏరుతున్నట్టే ఉండేది. అందుకే ఎవరినీ అడగకుండా గొడ్ల కొట్టం వెనక గోడ దానికి ఇచ్చేశాను. వారానికోసారి ఎర్రమట్టితో నేనే అలికి, చిన్న పిడతలో సున్నం కలిపి ఇచ్చేదాన్ని. ఆడపిల్లకు పని నేర్పకుండా గోడలు పాడుచేయడం నేర్పుతున్నానని అత్తగారు సణిగేవారు.

ఆ ఏడు కాయ బాగా పండింది. మీలో కల్లంలో కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, ఎండిన కాయలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి తీసేస్తేనే గుంటూరులో సరుకుకు విలువ. ఐదుగురు ఆడవాళ్లం రెండు రోజులు నడుములు పడిపోయేలా ఏరి, ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క పోశాం. తెల్లారి బండ్లు గుంటూరు బయలుదేరాలని, మా ఆయన గోతాల కోసం దర్శి వెళ్లారు. కోళ్లు రాకుండా పిల్లను కాపలా పెట్టి, మేము అన్నాలకు ఇంట్లోకి వెళ్లాం.

తిరిగి వచ్చేసరికి కల్లం నిండా నెమలి. ఎద్దుబండి అంత నెమలి. ఒళ్లంతా ఎర్రకాయ, విప్పిన పురి మీద కళ్లన్నీ తాలు, తల మీద కుచ్చు రాలిన తొడిమలు. తాలు గుట్ట మాత్రం లేదు. మా రెండు రోజుల పని మళ్లీ ఎర్రకాయలో కలిసిపోయింది. పిల్ల మండుతున్న చేతులు ఊదుకుంటూ మా మొహాలు చూస్తోంది.

"ఇదంతా నువ్విచ్చిన అలుసేనే," అన్నారు అత్తగారు. "వాణ్ణి రానీ. ఇవాళ్టితో ఆ గోడా లేదు, ఆ సున్నప్పిడతా లేదు."

ఎన్నడూ ఎదురు చెప్పనిదాన్ని, ఆ రోజు ఎక్కడి ధైర్యమో వచ్చింది. "తాలంతా బొమ్మలో విడిగానే కనిపిస్తోంది, తెల్లారేలోగా మొత్తం నేనొక్కదాన్నే ఏరేస్తాను అత్తయ్యా. ఆయన ఒక్కసారి చూసేదాకా కదిలించొద్దు," అన్నాను. పిల్ల చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టించి, నెమలికి కాపలా నిలబడ్డాను. తోటికోడలు చుట్టూ తిరిగి, "అక్కా, మెడ చూడు, మనల్ని చూట్టానికే తిప్పినట్టు లేదూ?" అంది. పక్క కల్లాల వాళ్లూ పని వదిలి వచ్చారు. గాలి కాస్త లేస్తే చాలు, నా ప్రాణం లేచిపోయేది.

బండి కల్లం గట్టున ఆగింది. ఆయన దిగలేదు. బండి మీదే లేచి నిలబడి చాలాసేపు చూశారు.

"ఏమ్మా, దీనికి ఒక్క కాలే పెట్టావేం?"

"రెండో కాలికి తాలు చాల్లేదు నాన్నా," అంది పిల్ల, గిన్నెలోంచి చేతులు తీయకుండానే.

ఆయన పగలబడి నవ్వారు. "విన్నావా అమ్మా? మన పంటలో తాలు చాల్లేదంట. ఈ చుట్టుపక్కల ఏ రైతన్నా ఈ మాట అనిపించుకున్నాడా?"

అత్తగారు మొహం తిప్పుకున్నారు గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. తర్వాత అందరం కూర్చున్నాం, ఏరడం ఆడవాళ్ల పనని ఎప్పుడూ కూర్చోని ఆయన కూడా. నెమలి తల దగ్గర కూర్చున్న అత్తగారు దాని కన్ను మాత్రం చివరిదాకా ముట్టుకోలేదు. మర్నాడు బండ్లు వెళ్లాక సున్నప్పిడత తనే తెచ్చి పిల్ల ముందు పెట్టి, "ఆ కుంటి నెమలికి గోడ మీదన్నా రెండో కాలు పెట్టవే," అన్నారు.

ఆ పిల్లే పెద్దయ్యాక బళ్లో డ్రాయింగు టీచరయింది. యాభై దాటాక నాకు అక్షరాలు దిద్దించిందీ అదే. నేను రాసిన వంకర అక్షరాన్ని ఒక్కటీ చెరపలేదు, పక్కన ఇంకోటి రాయమనేది.

ఇప్పుడు ఆ కల్లం లేదు. ఆ నెమలిని చూసినవాళ్లలో తల్లీకూతుళ్లమే మిగిలాం. మనవరాలు గోడ మీది బొమ్మను ఫోనులో ఫొటో తీసుకుని, "ఇక తుడిచెయ్యనా నానమ్మా, ఫొటో ఉందిగా," అంది. మా నెమలికి ఫొటో లేదు, కానీ దాన్ని చూడటానికి బండి మీద లేచి నిలబడ్డ మనిషి అప్పుడు ఉన్నాడు.

"పిల్ల నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా ఉండవే," అన్నాను.

ఈ రోజుల్లో పిల్లలకు రంగులు పెట్టెలు పెట్టెలుగా వస్తున్నాయి, నాన్నలే ఇంటికి ఆలస్యంగా వస్తున్నారు. ఆ సాయంత్రం ఏడు దాటింది. పిల్ల నా ఒళ్లో కూర్చుని గుమ్మం వైపే చూస్తోంది. నేనింకా కుర్చీ కదపలేదు.